ఖలాస్ తర్వాత మాట

మా ఇల్లు ఇప్పుడు అట్టపెట్టెల్లో ఉంది. సౌదీలో ఈ అల్ ఖోబర్‌లో నేను కాపురం పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. చిన్నప్పుడు అమ్మానాన్నలతో ఇదే ఊళ్లో ఉన్న ఏళ్లు వేరు. ముందు, స్థానికులకు ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాకత్ చట్టం వచ్చి కంపెనీలకు ఎరుపు, పసుపు, పచ్చ అని రంగులు పూసింది. ఎర్ర కంపెనీల్లో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే ఊళ్లకు వెళ్లిపోయారు. ఆ తర్వాత లెవీ వచ్చింది. ఇంట్లో పెళ్లాం పిల్లలకు తలకింత అని కట్టాలి. మా ఆయన నాలుగు రోజులు ముభావంగా తిరిగి, నన్నూ అమ్మాయినీ ఇండియాకు పంపాలని తేల్చాడు. తను మాత్రం ఇంకో ఇద్దరితో కలిసి ఒక గదిలో ఉంటాడట. అలా ఉండేవాళ్లను ఇక్కడ బ్యాచిలర్లు అంటారు. జుట్టు పలచబడ్డాక మా ఆయన మళ్లీ బ్యాచిలర్ అవుతున్నాడు.

ఇలా పోయేవాళ్లూ ఉండేవాళ్లూ కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. దమ్మామ్, ఖోబర్ చుట్టుపక్కల తెలుగువాళ్లు సగం మంది అందులోనే ఉన్నారేమో. సోఫాలు అమ్మేవాళ్లు, టికెట్ల సంగతి అడిగేవాళ్లు, పొద్దున్నే పూల బొమ్మలు పెట్టేవాళ్లు, రోజంతా సంత. మొన్న నేను గిన్నెలకు పాత పేపర్లు చుడుతుంటే అందులో ఒక కుర్రాడి గొంతు వినిపించింది. తెలంగాణ యాస.

"అన్నలారా, అక్కలారా, నా అఖామా ఖలాస్. కంపెనీ ఖలాస్. ఇగ నేన్గూడ ఖలాస్. ఎవలన్న జర తొవ్వ జూపుండ్రి."

అఖామా అంటే ఇక్కడ ఉండటానికిచ్చే కార్డు. దాని గడువు అయిపోయిందని ఆ పిల్లాడి గోల. నిమిషంలో పదిమంది పలికారు. ఫలానా ఆఫీసుకు వెళ్లమని ఒకరు, భయపడొద్దని ఒకరు. నాకు మాత్రం ఆ మూడో ఖలాస్ దగ్గర నవ్వు వచ్చింది, వెంటనే ఆగిపోయింది. చేతిలో గిన్నె పక్కన పెట్టి అట్టపెట్టె మీద కూలబడ్డాను.

"ఏమైందమ్మీ?" అంది మా అమ్మాయి, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే.

"ఈ ఒక్క మాటతో చిన్నప్పుడు నేనొక మనిషిని చంపాను," అన్నాను. అప్పుడు తల ఎత్తింది.

ఖలాస్ అంటే అరబ్బీలో అయిపోయింది అని. ఇక్కడ అడుగుపెట్టినవాడికి మొదట పట్టుబడే మాట అదే. టీ ఖలాస్, డ్యూటీ ఖలాస్, అన్నం వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి ఖలాస్ ఖలాస్. పిల్లలం ఆటలో ఓడిపోయినా అదే మాట. మన ఊళ్లలోనూ ఆ మాట ఉంది. అయితే అక్కడ ఒక మనిషి ఖలాస్ అంటే టీ అయిపోయినట్టు కాదు.

మా నాన్న కడప జిల్లా నుంచి వచ్చి, దమ్మామ్‌లో చమురు బావులకు సామాన్లు సరఫరా చేసే ఒక కంపెనీ గోడౌన్‌లో క్రేన్లు బాగుచేసేవాడు. ఖోబర్‌లో మాకు రెండు గదుల ఇల్లు ఇచ్చారు. కిటికీలో బిగించిన ఏసీ ఆన్ చేస్తే ముందు తడి మట్టి వాసన, తర్వాత చల్లగాలి. కుళాయి నీళ్లు ఉప్పగా ఉండేవి, వాటితో తల రుద్దుకుంటే మా అమ్మ జడ తాడులా బిరుసెక్కేది. మా అమ్మ ఉర్దూలో తిట్టి తెలుగులో ఓదార్చే మనిషి. తను ఊళ్లో ఎనిమిది దాకా చదివిన తెలుగును నాకు ఇంట్లోనే దిద్దబెట్టింది. బడిలో హిందీ, ఇంగ్లీషు, వీధిలో అరబ్బీ, ఇంట్లో రెండు భాషలు. నా నోట్లో అన్నీ కలిసి మరమరాల మిక్చర్‌లా ఉండేవి.

శుక్రవారం మా ఇంటికి జనం వచ్చేవాళ్లు. నాన్న జుమ్మా నమాజుకు వెళ్లి తిరిగొచ్చేసరికి దమ్మామ్ క్యాంపుల నుంచి నలుగురైదుగురు గుమ్మం బయట చెప్పులు విడిచేవాళ్లు. అందరూ ఉత్తర తెలంగాణ వాళ్లు. తాపీ పని, పైపుల పని, బరువులు మోసే పని. వస్తూ వస్తూ బేకరీలో వేడి వేడి ఖుబ్జ్ రొట్టెలు కాగితంలో చుట్టి, మజ్జిగ సీసాలు చంకలో పెట్టుకుని వచ్చేవాళ్లు. మా అమ్మ బగారా అన్నం, దాల్చా వండి, "సిగ్గు పడొద్దండప్పా, కడుపు నిండా తినండి," అని తలుపు చాటు నుంచి అరిచేది.

వాళ్లు వచ్చేది దాల్చా కోసం కాదు. మా ఇంట్లో రికార్డు చేసే బటన్ ఉన్న టేప్‌రికార్డర్ ఉంది, దానికోసం. ఆ రోజుల్లో ఇంటికి ఫోన్ అంటే టెలిఫోన్ ఆఫీసు ముందు ఎండలో క్యూ, అటువైపు ఊళ్లో ఫోనే ఉండదు. ఉత్తరం రాద్దామంటే చాలామందికి రాయడం రాదు. వచ్చినా, పెళ్లానికి రాసింది పోస్ట్‌మ్యాన్ నలుగురి ముందూ చదివి వినిపిస్తాడని మొహమాటం. అందుకని క్యాసెట్లో మాట్లాడి, సెలవు మీద వెళ్లేవాడి చేతికిచ్చి పంపేవాళ్లు. పది రోజులకో పదిహేను రోజులకో అది ఊరు చేరేది. అక్కడివాళ్లు విని, అదే క్యాసెట్ మీద మాట్లాడి, ఇటు వచ్చేవాడి చేతికి మామిడికాయ తొక్కు సీసాతో పాటు ఇచ్చేవాళ్లు. అందుకే ఊరి నుంచి వచ్చిన క్యాసెట్లన్నీ తొక్కు నూనె వాసన వేసేవి. విమానాశ్రయంలో సామాన్లు చూసే ఆయన ఒకసారి ఒక క్యాసెట్ పెట్టి వింటే కోడి కూసిందట. ఆయన నవ్వి, తనూ ఒకసారి కోడిలా కూసి ఇచ్చేశాడట.

నాకు అప్పుడు తొమ్మిదేళ్లు. గొంతు ఆ గోధుమరంగు పట్టీలోకి ఎలా దూరుతుందో తెలుసుకోవాలని ఒకటే తహతహ. ఒక మధ్యాహ్నం అమ్మ నిద్రపోతుంటే పాత పాటల క్యాసెట్ ఒకటి తీసి, పట్టీనంతా బయటికి లాగి, నాన్న భూతద్దంతో అంగుళం అంగుళం వెతికాను. చెవికి ఆనించి విన్నాను. నాలికతో కూడా చూశాను, ఇనుము రుచి వచ్చింది. మళ్లీ పెన్సిల్ దూర్చి చుట్టేసరికి సాయంత్రమైంది. ఆ తర్వాత ఆ క్యాసెట్లో పాటలన్నీ జలుబు చేసిన గొంతుతో వినిపించేవి. అమ్మ ఉర్దూలో తిట్టింది, తర్వాత తెలుగులో కూడా తిట్టింది.

వచ్చేవాళ్లలో ఒకాయన్ని నేను మామా అనేదాన్ని. తర్వాత మా ఇంట్లో అందరూ ఖఫ్జీ మామ అన్నారు. ఆ పేరు నా నిర్వాకం వల్లే వచ్చింది. బక్కపలుచని మనిషి, పెద్ద నవ్వు. కిందటిసారి సెలవులో వెళ్లినప్పుడు భార్యకు ఒక టేప్‌రికార్డర్ కొనిచ్చి వచ్చాడు. ఆమె గొంతు మొదటిసారి మా గదిలో వినిపించిన రోజు నాకు బాగా గుర్తు. చాలాసేపు ఏమీ లేదు. ఊపిరి, గాజుల చప్పుడు, దూరంగా బర్రె అరుపు. తర్వాత మెల్లగా, "మంచిగున్నవా? ఏం మాట్లాడాల్నో సమజ్ గాట్లేదు. ఇగో, బయట వానవడుతాంది. నువ్వే ఇను," అని రికార్డర్‌ను అరుగు మీద పెట్టేసింది. ఆ తర్వాత అంతా వానే. పెంకుల మీద పడి, చూరు నుంచి కారే వాన. గదిలో ఐదుగురు మగవాళ్లు రికార్డర్ వైపు వంగి కూర్చున్నారు. బయట నలభై ఐదు డిగ్రీల ఎండ. ఆ క్యాసెట్‌ను మామ ఎన్ని శుక్రవారాలు పెట్టించుకున్నాడో లెక్క లేదు.

మాట్లాడటం అయిపోయాక, చివర మిగిలిన కాస్త టేపులో గదిలో ఉన్నవాళ్లంతా తలా ఒక ముక్క చెప్పడం మా ఇంటి ఆనవాయితీ. బాగున్నావా వదినా అని ఒకరు, పిల్లలు బాగున్నారా అని ఇంకొకరు. ఒకసారి మామ నన్ను ముందుకు తోసి, "నువ్వు గూడ మాట్లాడు బిడ్డా, ఆమె సంతోషపడ్తది," అన్నాడు. ఏం మాట్లాడాలో తెలియక, బడిలో నేర్చుకున్న పొడుపు కథ ఒకటి అడిగేశాను. రెండు నెలలకు జవాబు వచ్చింది! ఆమె విప్పడమే కాక నాకు తిరిగి ఇంకొకటి వేసింది. అలా మొదలైంది మా స్నేహం. ఆమె నాకు అత్త అయింది. ఆమె మొహం నేను చూడలేదు, నా మొహం ఆమె చూడలేదు. ఇవాళ మా అమ్మాయికి అలాంటి స్నేహితులు వందల్లో ఉన్నారు. ఒక పొడుపు అడిగి రెండు నెలలు ఆగమంటే మాత్రం వాళ్లలో ఒక్కరూ మిగలరు.

అత్తకు ఒక పట్టింపు ఉండేది. తను మాట్లాడేటప్పుడు ముందు నా పొడుపు విప్పి, తర్వాత తనది వేసి, అప్పుడే టేపు ఆపేది. నాకూ అదే నేర్పింది. "పొడుపు ఇప్పకుంట మాట బందువెట్టొద్దు బిడ్డా. సగం అన్నం కాడికెల్లి లేసినట్టుంటది," అనేది. నేనూ ఎప్పుడూ తప్పలేదు, ఆ ఒక్కసారి తప్ప.

ఆ చివరి పొడుపు ఆమె సొంతంగా అల్లింది. "ఇద్దరు అక్కచెల్లెండ్లు. ఒక్క ఇంట్లనే ఉంటరు, ఒకల మొకం ఒకలు సూడరు. ఒకామె బక్కగైతాంటే ఇంకొకామె బలుస్తది. నడుమ ముచ్చట మాత్రం తెగది. ఎవలు?"

మామకు తెలియలేదు. నాన్నకూ తెలియలేదు. అమ్మ, మా ఇద్దరు మేనత్తల పేర్లు చెప్పి నవ్వింది. నేను మూడు రోజులు ఆలోచించాను. నాలుగో రోజు టేప్‌రికార్డర్ ముందు గడ్డం ఆనించి కూర్చుంటే తెలిసిపోయింది. ఎవరికీ చెప్పలేదు. ముందు అత్తకే చెప్పాలని నోరు బిగబట్టుకున్నాను. ఆ శుక్రవారం మామ తన మాటలు రెండు వైపులా నింపి, "ఆఖర్ల నీకు జర జాగ ఇడిసిన. ఇయ్యాల కాదు, తీస్కపోయెటోడు వచ్చినంక చెప్పు. గప్పటిదాంక ఇంకింత ఆలోచన చెయ్యి," అన్నాడు.

ఆ వారం మధ్యలో, ఒక మధ్యాహ్నం, నాన్న పని నుంచి పరుగున వచ్చాడు. సెలవు మీద ఊరికి వెళ్లేవాడు కంపెనీ బండిలో వచ్చి వీధిలో ఆగి ఉన్నాడు. విమానానికి టైమైపోతోంది. మామ రాలేదు. తెల్లవారగానే కంపెనీ లారీ వచ్చి వాళ్ల గుంపును కువైట్ సరిహద్దు దగ్గర ఖఫ్జీకి తీసుకుపోయిందట. దమ్మామ్‌లో పని ఖలాస్, ఇక మూడు నెలలు అక్కడే, అక్కడి నుంచి ఉత్తరం పంపే వీలుండదు, ఇంటికి ఈ మాట చెప్పండి అని మనిషితో కబురు పెట్టాడు.

"నువ్వే చెప్పమ్మా. నీ గొంతయితే ఆమెకు అలవాటు," అని నాన్న రికార్డర్ నా ముందు పెట్టి, ఊరికి పంపే బట్టల మూట కట్టడంలో పడ్డాడు. బయట హారన్ మోగుతూనే ఉంది.

నాకు ఆ రోజు పడిశం. ముక్కు కారిపోతోంది. ఎర్ర బటన్ నొక్కి, పెద్దదాన్నైనట్టు గొంతు సవరించుకుని చెప్పాను. "అత్తా, బాగుండావా? మామ ఖలాస్. పోయినాడు." అని ముక్కు ఎగబీల్చాను. "ఖఫ్జీకి పోయినాడు. మూడు నెల్లు ఉత్తరం రాదు. నువ్వేం భయపడొద్దు. నీ పొడుపు నేను విప్పినా అత్తా," అని జవాబు కూడా చెప్పాను.

చెబుతుండగా ఎక్కడో టక్ మంది. టేపు చివరికొస్తే ఆ బటన్ దానంతటదే పైకి లేస్తుంది. అది నాకు తెలుసు. ఆ టక్ ఏ మాట దగ్గర వచ్చిందో మాత్రం తెలియలేదు. వెనక్కి తిప్పి వినొచ్చు. వింటానంటే నాన్న ఎందుకని అడుగుతాడు, సరిగా చెప్పలేదని తెలిస్తే ఇక ఎప్పుడూ ముట్టుకోనివ్వడు. "అయిందా?" అన్నాడు నాన్న. "ఖలాస్," అన్నాను. క్యాసెట్ తీసి సంచిలో వేశాడు.

తర్వాత పద్నాలుగు రోజులు నాకు ఏ దిగులూ లేదు. పదిహేనో రోజు నాన్న కంపెనీ పోస్ట్ బాక్సుకు టెలిగ్రాం వచ్చింది. మామ ఉత్తరాలన్నీ ఆ చిరునామాకే వచ్చేవి. నాన్న దాన్ని గుమ్మంలో నిలబడే అమ్మకు చదివి చెప్పాడు. ఊరి నుంచి మామ అన్న కొట్టించింది, ఇంగ్లీషులో నాలుగే ముక్కలు. తమ్ముడి మరణం నిజమా. శవం ఎప్పుడు పంపుతారు. భార్య నమ్మడం లేదు. వెంటనే తెలపండి.

"ఎవరు చచ్చిపోయినారు? నిన్న కూడా ఖఫ్జీ నుంచి వచ్చిన డ్రైవర్, బాగున్నాడని చెప్పినాడే," అన్నాడు నాన్న. తర్వాత మెల్లగా నా వైపు తిరిగాడు. "ఆ పొద్దు నువ్వేం చెప్పినావు?"

చెప్పాను. చెప్పిందంతా చెప్పాను.

"టక్ మన్నది ఖఫ్జీ అనకముందా, అన్నాకనా?"

నాకు తెలీదన్నాను. అమ్మ ఉర్దూలో తిట్టలేదు, తెలుగులో ఓదార్చలేదు. పోయి పొయ్యి కట్టేసి వచ్చి కూర్చుంది.

నాన్న అప్పుడే వెళ్లి, క్షేమంగా ఉన్నాడని టెలిగ్రాం కొట్టాడు. కానీ దాన్ని ఎవరు నమ్ముతారు? ఆ కాలంలో గల్ఫ్ నుంచి చావు కబురు సూటిగా వెళ్లేది కాదు. ముందు ఒంట్లో బాగోలేదనేవాళ్లు, తర్వాత సీరియస్ అనేవాళ్లు. ఊళ్లలో అందరికీ ఆ సంగతి తెలిసిపోయింది. టెలిగ్రాంలో క్షేమం అని ఉంటే ఏడుపు ఇంకా పెరుగుతుంది. "కాగితం పనికిరాదు. గొంతు పంపాల," అన్నాడు నాన్న.

శుక్రవారం పొద్దున్నే ఖఫ్జీకి బయల్దేరాం. వెనక సీట్లో నా పక్కన టేప్‌రికార్డర్, దాని మీద ఎండ తగలకుండా అమ్మ దుపట్టా. అమ్మ చిత్రాన్నం కలిపి తెచ్చింది, ఎవరం తినలేదు. దారి పొడవునా ఇసుక, అక్కడక్కడ మంట ఎగజిమ్మే గొట్టాలు, రోడ్డు దాటే ఒంటెలు. ఇంకో రోజైతే అదేంటి ఇదేంటి అని నాన్న ప్రాణం తీసేదాన్ని. ఆ రోజు ఒకే ప్రశ్న నా బుర్రలో తిరిగింది. అత్త ఇప్పుడు ఏం చేస్తూ ఉంటుంది?

క్యాంపు బయట మామ వచ్చాడు. తలకు గుడ్డ చుట్టుకుని, కనురెప్పల మీద కూడా దుమ్ము. నాన్న సంగతి చెప్పాడు. మామ ముందు పెద్దగా నవ్వాడు.

"నేను సచ్చిన్నా? నాకే ఎర్క లేకపాయె!"

నాన్న టెలిగ్రాం చేతికిచ్చాడు. మామకు చదవడం రాదు. "నా పెండ్లాం ముచ్చట ఏడున్నది ఇండ్ల?" అని అడిగాడు. భార్య నమ్మడం లేదు అన్నచోట నాన్న వేలు పెట్టి చూపించాడు. మామ తన వేలు అక్కడ ఆనించి, అలాగే చాలాసేపు నిలబడ్డాడు. అప్పుడు ఏడ్చాడు. అంత పెద్దమనిషి ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు భూమిలోకి దూరిపోవాలనిపించింది.

కారు బానెట్ మీద రికార్డర్ పెట్టారు. మామ అందరినీ అవతలికి వెళ్లమన్నాడు. నేను వెనక టైరు దగ్గర నక్కి విన్నాను.

"నేనే. బతికే ఉన్న. ఏం రంది వెట్టుకోకు." తలగుడ్డతో ముక్కు చీదాడు. "ఇంకెవలో నా లెక్క మాట్లాడుతుండ్రని అనుకోకు. ఆ వాన క్యాసెట్ అరిగిపోయింది. ఇంకోపారి వానవడ్డప్పుడు, మొత్తం నింపి పంపు."

ఆ తర్వాత నన్ను పిలిచాడు. నా కోసమే చివర చాలా టేపు వదిలాడు. "పిల్లదాని తప్పేం లేదు భాయ్, మిషిని బేమాన్ది," అని నాన్నతో అని, నా తల మీద చెయ్యి వేశాడు. "రా బిడ్డా. అత్తకు పొడుపు ఇప్పు." నేను తల అడ్డంగా ఊపాను. ఎంత బతిమాలినా నోరు తెరవలేదు. ఆ బటన్ కనపడకుండా అమ్మ వెనక్కి వెళ్లి నిలబడ్డాను. ఖాళీ టేపు అలాగే ఊరికి వెళ్లిపోయింది.

ఊళ్లో జరిగిందంతా తర్వాత సెలవు నుంచి తిరిగొచ్చినవాళ్లు చెప్పారు. క్యాసెట్ విన్న రోజే ఇల్లంతా ఏడుపులు. మామ గొంతు గంటసేపు నవ్వుతూ మాట్లాడి, చివర ఈ పిల్ల వచ్చి ఖలాస్, పోయినాడు అని ముక్కు చీదితే, ఇంకేమనుకుంటారు? పెద్దవాళ్లు దినాలు చెయ్యాలన్నారు. బావగారు గాజులు తీయించాలన్నాడు. అత్త ససేమిరా అంది. బొట్టు పెట్టుకుని టేప్‌రికార్డర్ పక్కనే కూర్చుంది.

"ఆ పిల్ల నా పొడుపు ఇప్పలే. ఇప్పకుంట ఎన్నడు మాట బందువెట్టది. మాట ఇంక ఉన్నది, మిషిని మింగింది. ఆ మాట వచ్చెదాంక నా గాజులు ఎవలు ముట్టొద్దు," అందట.

ఊరు ఆమెకు పిచ్చెక్కిందంది. పుట్టింటివాళ్లు వచ్చి తిట్టారు. నాన్న పంపిన టెలిగ్రాం చూసి, తమను ఊరుకోబెట్టడానికి రాశారనుకున్నారు. ఇరవై నాలుగు రోజులు ఆమె అలాగే కూర్చుంది. ఇరవై ఐదో రోజు తొక్కు నూనె వాసన లేని కొత్త క్యాసెట్ ఒకటి ఆ ఇంటికి చేరింది.

మూడు నెలల తర్వాత మామ ఖఫ్జీ నుంచి తిన్నగా ఊరికి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. రావొద్దని అత్త ఒట్టు వేయించుకుందట. మేమూ ఇంకో రెండేళ్లకు ఇండియా వచ్చేశాం. పెళ్లయ్యాక నేను మళ్లీ ఇక్కడికి వచ్చేనాటికి క్యాసెట్ల పని ఫోన్ కార్డులు చేస్తున్నాయి. ఆ పొడుపు మాత్రం నా గొంతులోనే ఉండిపోయింది.

ఇదంతా విని మా అమ్మాయి ఫోన్ పక్కన పెట్టేసింది. అలా పెట్టడం అదే మొదటిసారి. తర్వాత దాని బుద్ధి పోనిచ్చుకోలేదు. "అంటే మీకు డెలివర్ అయిందో లేదో తెలిసేదే కాదా? మరి ఎలా ఉండేవాళ్లమ్మీ?" అంది. నిజమే, ఎలా ఉండేవాళ్లం? ఇప్పుడు మా ఆయన నీలి టిక్కులు పడ్డాక పది నిమిషాలు పలకకపోతే నా ప్రాణం పోతుంది. ఆమె ఇరవై నాలుగు రోజులు ఒక సగం వాక్యం పట్టుకుని బతికింది.

"ఆ అత్త ఇప్పుడెక్కడుందో కనుక్కోలేదా?" అంది అమ్మాయి.

సిగ్గేసింది. పాతికసార్లు అనుకున్నాను, ఒక్కసారీ అడగలేదు. ఆమె తిడుతుందని ఈ వయసులోనూ భయమే. అమ్మాయి నా ఫోన్ లాక్కుని, మైకు గుర్తు మీద వేలు పెట్టి, నా నోటి దగ్గర పట్టింది. గ్రూపులో అడిగాను. ఫలానా ఊరు, చాలా ఏళ్ల కింద క్యాసెట్లో తప్పు కబురొస్తే గాజులు తీయనివ్వని ఒకావిడ ఉండాలి, ఎవరికైనా తెలుసా అని.

టీ పెట్టుకునేలోపు జవాబు వచ్చింది. "మా ఊరి క్యాసెటవ్వనా అక్కా?" పొద్దున ఖలాస్ ఖలాస్ అన్న ఆ కుర్రాడే. ఆ ముచ్చట వాళ్ల ఊళ్లో పిల్లలకు కూడా తెలుసట. తన చెల్లెలు ఆ అవ్వ పక్కింట్లోనే ఉంటుందట, ఇప్పుడే ఆ పిల్ల ఫోన్ అవ్వకు ఇప్పిస్తానన్నాడు.

మధ్యాహ్నం మూడు దాటాక ఒక కొత్త నంబరు నుంచి గొంతు వచ్చింది. అట్టపెట్టె మీద కూర్చుని, చెవికి ఆనించుకుని విన్నాను. ముందు ఏమీ లేదు. ఊపిరి, గాజుల చప్పుడు. నా ఒళ్లంతా చెవులయ్యాయి.

"ఎవలు, ఆ పిల్లనా?" గొంతు వణుకుతోంది, కానీ అదే గొంతు. "ఏమే బిడ్డా, పడిశం తగ్గిందా?"

నేను ఏడుస్తూ నవ్వాను.

"మీ మామ మూడేండ్ల కింద ఖలాస్ అయిండు. గీపారి నిజంగనే. నా పక్కపొంటి కూసోని, నాతోని మాట్లాడుకుంటనే పోయిండు. అప్పుడు పోయిండన్న మనిషిని గిన్నేండ్లు దగ్గర వెట్టుకున్న, ఇంకేం గావాలె?" ఆగింది. ఎవరో పక్క నుంచి, ఇంకా మాట్లాడవ్వా, అంటున్నారు. "ఈ గాజులు ఇప్పటికి తియ్యలే. ఒకల తర్వాత ఒకలు చెప్పి అలిసిపోయిండ్రు. అగో, నా పొడుపు నువ్వు ఇప్పకనే పోతివి. ఊళ్లె పోరగాండ్లందర్ని అడిగిన, ఒక్కనికి తెల్వది. ఇయ్యాల ఇప్పుతవా, ఇంకింత ఆగాల్నా?"

అమ్మాయి నా మొహం చూస్తోంది. ఆ అక్కచెల్లెళ్లు ఎవరో దానికీ తెలియదు, నేను కథలో ఎక్కడా చెప్పలేదు. ముందు అత్తకే చెప్పాలి కదా.

మైకు మీద వేలు ఉంచాను. తొమ్మిదేళ్లప్పుడు సవరించుకున్నట్టే గొంతు సవరించుకున్నాను.

"అత్తా, బాగుండావా? నీ పొడుపు విప్పుతాండా. ఆ ఇద్దరు అక్కచెల్లెళ్లు, క్యాసెట్లోని రెండు చక్రాలు."

వేలు తీశాను. అది వెళ్లింది. వెళ్లాక కూడా నాకు నమ్మకం కుదరలేదు. దాన్ని మళ్లీ నొక్కి, మొదటి నుంచి విన్నాను. ఎక్కడా టక్ మనలేదు. చివరి మాట దాకా పడింది.